పెరుగు పచ్చడిలో నీళ్లెక్కడివి?

జహీరాబాదులో ఒకనాడు మధ్యాహ్న భోజనాల వేళ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన టిఫిన్ డబ్బా తెచ్చి నా ముందు మూత తీసింది. "సార్, అమ్మ పొద్దున కీర దోసకాయ పెరుగు పచ్చడి గట్టిగా కలిపి పెట్టింది. ఇప్పుడు చూడండి, అంతా నీళ్లే! పాలు పోసే ఆమె పాలలో నీళ్లు కలుపుతోందని, ఆమెను మాన్పించాలని ఇంట్లో అంటున్నారు" అంది.

ఒకరి మీద నింద వేసే ముందు సాక్ష్యం చూడాలి గదా! మీరే ఆలోచించండి. పాలలో నీళ్లు ఎక్కువగా కలిస్తే పెరుగు పొద్దుననే పలుచగా ఉంటుంది. పొద్దున గట్టిగా ఉన్న పచ్చడి మధ్యాహ్నానికి నీరయిందంటే, ఆ నీరు డబ్బాలోనే ఎక్కడో దాగి ఉండాలి. ఎక్కడ?

మొదటి చోటు దోసకాయ. 100 గ్రాముల కీర దోసకాయలో దాదాపు 95 గ్రాములు నీరే! ఆ నీరు కోట్లాది చిన్న కణాలలో నిండి ఉంటుంది. ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. అది నీటిని సులభంగా పోనిస్తుంది, ఉప్పును అంత సులభంగా పోనివ్వదు. ముక్కల మీద ఉప్పు చల్లితే బయట గాఢమైన ఉప్పు ద్రావణం ఏర్పడుతుంది. అప్పుడు కణాలలోని నీరు పొరను దాటి బయటికి వస్తుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు. 1748లో ఫ్రాన్సు దేశపు నోలే అనే శాస్త్రజ్ఞుడు ఆల్కహాలు నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొర కట్టి నీటిలో ముంచాడు. నీరు పొరను దాటి లోపలికి చేరి, పొర ఉబ్బింది. మీ డబ్బాలో జరిగేదీ ఆ సూత్రం ప్రకారమే.

రెండవ చోటు పెరుగు. తోడులోని బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు పెరిగేకొద్దీ కేసిన్ అనే ప్రోటీను కణాలు ఒకదానికొకటి అంటుకొని వల అల్లుతాయి. నీరు ఆ వలలో చిక్కుకొని ఉంటుంది. గరిటెతో కలిపితే వల తెగి, తేట బయటపడుతుంది. గిన్నె మధ్యలోంచి ఒక గరిటెడు పెరుగు తీసి కాసేపు ఆగి చూడండి. ఆ గుంటలో తేట ఊరి ఉంటుంది.

గ్రీసు దేశంవారూ ఇలాంటి పచ్చడే చేస్తారు. దాని పేరు జాజీకి. వారు ఈ రెండు నీళ్లనూ ముందే తీసేస్తారు. మీరూ చేసి చూడండి.

అర లీటరు పెరుగును పలుచని నూలుగుడ్డలో పోసి, చిల్లుల గిన్నెలో పెట్టి, కింద మరో గిన్నె ఉంచండి. మూడు నాలుగు గంటలు వడియనివ్వండి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పులిసిపోతుంది. ఒక దోసకాయ కొన కోసి రుచి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ వాడవద్దు. బాగుంటే తురిమి, అర చెంచా ఉప్పు కలిపి, 20 నిమిషాలు ఆగి గట్టిగా పిండండి. గట్టి పెరుగులో ఈ తురుము, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, కొంచెం నిమ్మరసం, పుదీనా కలపండి. గ్రీకులు ఆలివ్ నూనె పోస్తారు. మనకు నువ్వుల నూనె చాలు. ఉప్పు చివర రుచి చూసి వేయండి. ఏ రోజుది ఆ రోజే తినండి.

కింది గిన్నెలో చేరిన తేటను పారబోయకండి. దాని ఆకుపచ్చ ఛాయ గల పసుపు రంగు రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిను వల్ల వచ్చింది. చపాతీ పిండి ఆ తేటతో కలపవచ్చు.

ఆ అమ్మాయికి ఒక ప్రయోగం చెప్పి పంపాను. మూడు గిన్నెల్లో సమానంగా పెరుగు తీసుకోవాలి. ఒకదానిలో ఉప్పు మాత్రమే, రెండవదానిలో దోసకాయ తురుము మాత్రమే, మూడవదానిలో రెండూ కలపాలి. మర్నాడు వచ్చి, "మూడో గిన్నెలోనే ఎక్కువ నీళ్లు సార్! పాలు అన్నింటిలో ఒకటే కదా. ఇంట్లో అందరికీ చూపించాను, ఆమెను మాన్పించలేదు" అంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పాలు స్వచ్ఛమైనవని ఈ ప్రయోగం రుజువు చేయదు. నీళ్లు కలిశాయనే అనుమానం ఉంటే లాక్టోమీటరుతో పాల సాంద్రత చూడటం మొదలైన పరీక్షలు వేరే ఉన్నాయి. పచ్చడి నీరు కావడం మాత్రం ఆ నేరానికి సాక్ష్యం కాదు.

ఇక మీకొక ప్రశ్న. చెరకు మొదట్లో ఎరువు మరీ ఎక్కువగా వేస్తే, నేలలో తడి ఉన్నా మొక్క వాడిపోతుంది. ఎందుకు? పచ్చడి గిన్నెను తలచుకుంటే జవాబు మీకే తోస్తుంది.