గాలం పడితే క్రీడ, వల వేస్తే కులం

ఒకే పనికి రెండు పేర్లు పెట్టడం కులసమాజానికి బాగా తెలిసిన విద్య. నీళ్లలో నిలబడి చేపను పట్టడం ఎక్కడైనా ఒకే పని. సీషెల్స్ దీవుల ఒడ్డున మోకాలి లోతు ఉప్పునీటిలో ఖరీదైన కడ్డీ పట్టుకుని నిలబడిన మనిషిని లోకం క్రీడాకారుడు అంటుంది. మెదక్ జిల్లా రామాయంపేటలో ఛాతీ లోతు చెరువు నీటిలో వల పట్టుకుని నిలబడిన మనిషిని ఊరు ముత్రాసాయన అంటుంది, బెస్తాయన అంటుంది. కోపం వస్తే ఆ చివరి గౌరవాన్నీ తీసేస్తుంది. మొదటి పేరు అతని అభిరుచిని చెబుతుంది. రెండో పేరు ఇతని పుట్టుకను చెబుతుంది. పట్టే పని ఒకటే అయినప్పుడు పట్టిన మనుషుల మధ్య ఇంత దూరం ఎవరు పెట్టారన్నది మనం అడగవలసిన ప్రశ్న.

సముద్రమే లేని తెలంగాణలో, అందులోనూ రామాయంపేట వంటి మెట్ట ప్రాంతపు ఊరిని ముందు పెట్టుకుని, ఉప్పునీటి గాలం వేట గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ ఆ వేట దృశ్యాలు ఇవాళ నా విద్యార్థుల ఫోన్లలో రోజూ కనిపిస్తున్నాయి. వాటిని ముచ్చటపడి చూసేవారిలో ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల పిల్లలూ ఉన్నారు. ఇంట్లో ఏం పని చేస్తారని అడిగితే ‘వ్యవసాయం’ అని పొడిగా చెప్పి మాట మార్చేవారూ వారిలోనే ఉన్నారు. ముత్రాసి ఇంట పుట్టి విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నవాడిగా ఆ మాట మార్పు వెనుక ఏముందో నాకు తెలుసు. ఎక్కడో దూరద్వీపంలోని వేటగాణ్ని మెచ్చుకోగలిగిన పిల్లవాడు తన తండ్రి వలను ఎందుకు దాచుకోవలసి వస్తున్నది?

ముందు ఆ వేట ఏమిటో చూద్దాం. ఇంగ్లీషులో దానిని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఇందులో ఎర నిజమైనది కాదు. చిన్న గాలానికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులాగానో రొయ్యలాగానో కనిపించే బొమ్మను కడతారు. ఆ బొమ్మకు బరువు ఉండదు కనుక గాలపు తాడునే బరువుగా తయారు చేసి, కడ్డీతో వెనక్కీ ముందుకూ ఊపి దూరంగా వదులుతారు. యూరప్ మంచినీటి ఏర్లలో పెరిగిన ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో సముద్రపు ఒడ్డుకు విస్తరించింది. ఫ్లోరిడా, బహామాస్, సీషెల్స్, కిరిబాటిలోని క్రిస్మస్ దీవి — వెచ్చని సముద్రం పలచగా పరుచుకున్న చోటల్లా ఇది సంపన్నుల పర్యాటకమైంది. పట్టిన బోన్‌ఫిష్‌ను ఫొటో తీసుకుని తిరిగి నీటిలో వదిలేయడం అక్కడి మర్యాద. జీవరక్షణ దృష్టితో అది మంచి మర్యాదే. కానీ దానిలో మరో సందేశమూ ఉంది: నేను ఆకలి కోసం పట్టలేదు, అమ్ముకోవడానికి పట్టలేదు.

అవసరం లేకుండా చేసిన పనికే గౌరవం దక్కడం గురించి థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే ‘ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్’లో రాశాడు. ఉత్పత్తి శ్రమకు దూరంగా ఉండగలగడమే పైవర్గానికి ప్రతిష్ఠ అనీ, వేటలూ క్రీడలూ ఆ ప్రతిష్ఠకు ప్రదర్శనలనీ ఆయన వాదన. మనకు ఈ సంగతి మహాభారత కథలే చెబుతాయి. తెలుగునాట అందరికీ తెలిసిన స్వయంవర కథలో మత్స్యయంత్రాన్ని కొట్టినవాడు వీరుడయ్యాడు. అదే భారతంలో చేపలు పట్టేవారి ఇంట పెరిగి పడవ నడిపిన సత్యవతికి మత్స్యగంధి అని పేరు పెట్టారు. ఆమె రాణి కావడానికి ముందు ఒక ముని వరంతో ఆ వాసన పోవలసి వచ్చింది. చేప గురిగా నిలిచినప్పుడు క్షాత్రం, ఒంటికి అంటినప్పుడు దుర్గంధం. పూజగదిలో మత్స్యావతారానికి మొక్కే చేయి, వీధిలో చేపల గంప దించిన అక్కను గడపకు దూరంగా నిలబెడుతుంది.

మన భాష కూడా ఈ పక్షపాతాన్ని మోస్తూనే ఉంది. చేపకూ మాంసానికీ, వాటి వాసనకూ మనం వాడే మాట ‘నీచు’. తక్కువతనాన్ని చెప్పడానికి వాడే మాట ‘నీచం’. ఈ రెండు మాటలూ వింటూ పెరిగిన పిల్లవాడికి నిఘంటువు చూడవలసిన అవసరం ఉండదు. బడిలో పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకుంటే అర్థం తెలిసిపోతుంది.

గాలం వేటను క్రీడగా మన గడ్డ మీద గ్రంథస్థం చేసినవారు బ్రిటిష్ అధికారులు. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించాడు. 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ పేరుతో చెరువులలో గాలం వేట మీదనే మరో పుస్తకం తెచ్చాడు. మన చెరువు దొరగారి తీరిక వేళకు మైదానమైంది. ఆ రోజుల్లో మెదక్ నిజాం ఏలుబడిలో ఉంది కనుక ఆ పుస్తకాలు మా ఊళ్ల గురించి రాసినవి కావు. కానీ వాటి వెంట వచ్చిన చూపు మాత్రం ఏ సరిహద్దు దగ్గరా ఆగలేదు: ఒడ్డున కడ్డీ పట్టినవాడు ప్రకృతి ప్రేమికుడు, నీళ్లలో వల లాగేవాడు చేపల సంతతిని నాశనం చేసేవాడు. అటు బ్రిటన్‌లో సాల్మన్ చేపల కోసం కట్టిన ఈకల ఎరలకు మన అడవికోడి మెడ ఈకలు విలువైన అలంకారాలయ్యాయి. ఆ ఎరలకు పేర్లున్నాయి, వాటిని కట్టిన నిపుణులకు పేర్లున్నాయి. అడవిలో ఉచ్చు పన్నిన చేతులకు మాత్రం పేరు లేదు.

చేపలు పట్టేవారంతా నిర్దోషులని నేను అనడం లేదు. నీటిలో మందుగుండు పేల్చడాన్నీ విషం కలపడాన్నీ నిషేధిస్తూ 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. ఆ నిషేధం ఇవాళా అవసరమే. అయితే రక్షణ అనే భావన దొరల పుస్తకాల నుంచి దిగుమతి అయిందని అనుకోవడం చరిత్రకు అన్యాయం. కొర్రమట్ట సంగతే తీసుకుందాం. తెలంగాణ రాష్ట్ర చేప అది. గుడ్లు పొదిగాక తల్లీతండ్రీ ఎర్రని పిల్లల గుంపును కాచుకుని నీటి పైతట్టున తిరుగుతాయి. అప్పుడు వాటిని పట్టడం చాలా తేలిక. మా నాయన అటువంటి జోడీ కనిపిస్తే గాలం ఎత్తేసేవాడు. ‘పిల్లల మీద ఉన్నది, దాని జోలికి పోవద్దు’ అనేవాడు. ఉప్పునీటి ఒడ్డున ఇదే పని చేస్తే దానికి నీతి అని పేరు, నియమావళి అని పేరు. మా నాయన చేసినదానికి పేరు లేదు, ఎందుకంటే దానిని రాసిపెట్టే హక్కు ఆయన కులానికి ఎన్నడూ రాలేదు.

నైపుణ్యం సంగతీ అంతే. కొర్రమట్ట కోసం మా ఊళ్లో వెదురు కర్రకు తాడు కట్టి, బతికిన కప్పను ఎరగా గుచ్చి, గడ్డి పక్కన నీటి మీద ఆడించేవారు. ఈ రోజు నగరపు దుకాణాల్లో అదే చేప కోసం రబ్బరు కప్పలు అమ్ముతున్నారు, కార్బన్ కడ్డీలు అమ్ముతున్నారు. సూత్రం మారలేదు, చేప మారలేదు, చేయి మారింది. తొలకరికి చెరువు నిండి మత్తడి దుంకితే ఏ చేప ఏ వేళకు ఎదురెక్కుతుందో, ఎండాకాలం నీళ్లు తగ్గాక ఏ బురదలో ఏది దాగుతుందో తెలిసిన మనిషిని మన విద్యావ్యవస్థ చదువు రానివాడిగా లెక్క కడుతుంది.

మరోలా లెక్క కట్టవచ్చునని బహామాస్ అనుభవం చూపుతుంది. అక్కడి ఆండ్రోస్ దీవిలో పడవ నడిపే నల్లజాతి మార్గదర్శకులు బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల సంతతివారు. ఎండలో మెరిసే నీటి కింద నీడలా కదిలే బోన్‌ఫిష్‌ను గుర్తుపట్టేది వారి కన్నే. కడ్డీ పట్టినవాడికి ఎటు విసరాలో చెప్పేది వారే. ప్రపంచమంతటా వాడే ఒక ప్రసిద్ధ ఈకల ఎరకు ఆండ్రోస్ మార్గదర్శకుడు చార్లీ స్మిత్ పేరిట ‘క్రేజీ చార్లీ’ అని పేరు నిలిచింది. 2017లో బహామాస్ ప్రభుత్వం ఈ వేట మీద ప్రత్యేక నిబంధనలు చేసి, బయటినుంచి వచ్చే వేటగాళ్లకు లైసెన్సును తప్పనిసరి చేసింది, స్థానిక మార్గదర్శకుల ధ్రువీకరణకు చట్టంలో చోటిచ్చింది. విదేశీ వసతిగృహాల పెత్తనానికీ స్థానిక మార్గదర్శకుల హక్కుకూ మధ్య వాదులాట లేకుండా ఏమీ జరగలేదు. అయినా తరతరాల నీటి జ్ఞానం ఒక అర్హత అని రాజ్యం కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మన చెరువు ఒడ్డు కూడా ఇప్పుడు మారుతున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీశారు. నియోజకవర్గానికి ఒకటి చొప్పున మినీ ట్యాంక్‌బండ్‌లు తలపెట్టారు. 2016-17 నుంచి ప్రభుత్వం సంఘాలకు ఉచితంగా చేపపిల్లలను ఇస్తూ వచ్చింది. ఇవన్నీ ఆహ్వానించదగినవే. కానీ కట్ట మీద నడకదారి, బల్లలు, విద్యుద్దీపాలు వచ్చాక చెరువు చూడటానికి వచ్చేవారి కోసం ఒక ఒడ్డు, చెరువు మీద బతికేవారి కోసం ఒక మూల తయారవుతాయి. వల ఆరబెట్టే చోటు అందాన్ని చెడగొడుతుందన్న మాట రేపు రావచ్చు. ఆ వెనుకే గాలం వేట క్రీడ పేరుతో రుసుము కట్టినవారికి ఒడ్డును అప్పగించే ఆలోచనా రావచ్చు. అప్పుడు మత్స్యకారుడు తన చెరువు దగ్గరే ఎర అందించే కూలీగా మిగులుతాడు.

దీనిని ఎదుర్కోవాలంటే ముందు మనలో మనం మాట్లాడుకోవలసింది ఉంది. రిజర్వేషన్ జాబితాలో గంగపుత్ర, బెస్తలు బీసీ–ఎలో ఉన్నారు. ముదిరాజ్‌లు బీసీ–డిలో ఉన్నారు. చెరువు మీద ఎవరిది తొలి హక్కు అన్న వివాదం ఈ రెండు సమూహాలను ఏళ్లుగా ఎదురెదురుగా నిలబెట్టింది. ఇద్దరి వాదనల్లోనూ బాధ ఉంది, ఇద్దరి చేతుల్లోనూ వల ఉంది. కానీ మూడో మనిషి గురించి ఇద్దరమూ మాట్లాడటం లేదు. తెలంగాణలో చాలా ఊళ్లలో తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచే నీరటి దళితుడే. చెరువు నాడి తెలిసిన ఆ మనిషికి చేపల సంఘంలో చోటు లేదు, ఎందుకంటే సభ్యత్వం ప్రధానంగా మత్స్యకార కులాలకే పరిమితం. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టినప్పుడు అడిగిన హక్కు తాగునీటితో ఆగిపోయేది కాదు. నీటి చుట్టూ ఉన్న జీవితమంతటిలో సమాన భాగం కావాలన్నదే దాని సారం. కులం పనిని కాక పనిచేసేవారిని విడదీస్తుందని 1936లో ‘కుల నిర్మూలన’లో ఆయన వివరించిన విషయానికి మన చెరువు కట్టను మించిన ఉదాహరణ అక్కర్లేదు.

కాబట్టి నా ప్రతిపాదనలు సూటిగా చెబుతాను. చెరువుల మీద క్రీడా వేటకు అనుమతి ఇచ్చేటట్లయితే ఆ అనుమతి స్థానిక మత్స్యకార సంఘం ద్వారానే రావాలి, రుసుములో భాగం సంఘానికి చేరాలి. మార్గదర్శకులుగా మత్స్యకారులకే ధ్రువీకరణ ఇవ్వాలి. అందులో చేపలమ్మే మహిళలకు వాటా ఉండాలి. నీరటి కుటుంబాలకు సంఘ సభ్యత్వం తెరవాలి. మత్స్యశాస్త్ర కళాశాలలు ఈ వృత్తికారుల జ్ఞానాన్ని వారి పేర్లతోనే నమోదు చేసి పాఠ్యాంశంగా చేర్చాలి.

వీటికి తోడు ఇంకో మాట. వల ముత్రాసి ఇంటికీ, కడ్డీ దొర ఇంటికీ శాశ్వతంగా రాసిపెట్టి ఉండాలని కోరడం కులాన్ని మరోసారి కాపాడటమే అవుతుంది. మత్స్యకారుని బిడ్డకు వృత్తిని వదిలి వెళ్లే స్వేచ్ఛ కావాలి. ఉండదలిస్తే తలెత్తుకుని ఉండే గౌరవం కావాలి. సరదాకు ఒక సాయంత్రం గాలం పట్టుకుని కూర్చునే తీరికా కావాలి. ఇవాళ ఆ తీరిక ఒక వర్గానికే దక్కుతున్నది, ఆ బురద మరో వర్గానికే మిగులుతున్నది. రెండింటినీ సమానంగా పంచుకోవడం మొదలైన నాడు చేపలు పట్టేవాడు అన్న మాటకు మన భాషలో కులం పేరు అవసరం ఉండదు.