ఉల్కకు ఇంటిపేరు ఇచ్చే అంకె

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరం మీద ఇరవై మీటర్ల బండరాయి ఆకాశంలోనే పేలిపోయింది. కిటికీ అద్దాలు పగిలి సుమారు 1,500 మంది చికిత్స కోసం ఆస్పత్రులకు పరుగెత్తారు. మంచులో ఏరిన ముక్కల్లో కొన్ని లోపల తెల్లగా ఉన్నాయి, కొన్ని బొగ్గులా నల్లగా ఉన్నాయి. చూసినవాళ్లెవరైనా రెండూ వేర్వేరు రాళ్లనే అంటారు. ప్రయోగశాలలో మాత్రం తెలుపుకీ నలుపుకీ ఒకే అంకె తేలింది: 28. ఆ అంకెను బట్టే దాన్ని ఎల్‌ఎల్ వర్గంలో చేర్చారు.

ఇంతకీ ఏమిటా 28? రాతి ఉల్కల్లో తరచుగా కనిపించే ఖనిజం ఆలివిన్. మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిస్తే ఏర్పడేది. దీని స్ఫటికంలో మెగ్నీషియం ఉండాల్సిన చోట ఇనుమూ ఇమిడిపోతుంది. అలాంటి వంద చోట్లలో ఎన్నింటిని ఇనుము ఆక్రమించిందో చెప్పేదే ఫెయలైట్ శాతం.

కొలవాలంటే రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. అంత పలచనైతే రాయిలోంచి వెలుతురు కనిపిస్తుంది. దానిపై కార్బన్ పూత వేసి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌లో పెట్టి, సుమారు మిల్లీమీటరులో వెయ్యోవంతు చుక్క మీద ఎలక్ట్రాన్లు కురిపిస్తారు. ఒక్కో మూలకం తనదైన ఎక్స్‌రే విడుదల చేస్తుంది. బరువు ప్రకారం ఇనుప ఆక్సైడ్ 25.4 శాతం, మెగ్నీషియం ఆక్సైడ్ 36.6 శాతం వచ్చాయనుకుందాం. వాటిని అణుభారాలతో, అంటే 71.84తో, 40.30తో, విడివిడిగా భాగిస్తే 0.354, 0.908 వస్తాయి. రెండూ కలిపితే 1.262. అందులో 0.354 వాటా ఎంత? 28 శాతం. హైస్కూలు లెక్కే. ఇలా ఒక్క గింజతో సరిపెట్టకుండా పదులకొద్దీ గింజలు కొలుస్తారు.

నేలమీద పడుతుండగా చూసి ఏరిన ఉల్కల్లో దాదాపు 80 శాతం సాధారణ కాండ్రైట్లు అనే రాతి ఉల్కలే. వీటికి ఇంటిపేర్లు మూడు. ఫెయలైట్ 16 నుంచి 20 ఉంటే హెచ్, 22 నుంచి 26 అయితే ఎల్, 27 నుంచి 32 అయితే ఎల్‌ఎల్. ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. హెచ్ అంటే ఇనుము ఎక్కువున్న రకం కదా, మరి దాని ఆలివిన్‌లో ఇనుము తక్కువేమిటి? జవాబు లోహంలో ఉంది. హెచ్ రాయి బరువులో సుమారు 27 శాతం ఇనుమే అయినా అందులో ఎక్కువ భాగం లోహపు రవ్వలుగా మిగిలిపోయింది. ఎల్‌ఎల్‌లో మొత్తం ఇనుము 20 శాతం దగ్గరే, కానీ చాలావరకు ఆక్సిజన్‌తో కలిసి ఖనిజాల్లోకి పోయింది. లోహం ఎంత తగ్గితే మిగిలిన లోహంలో నికెల్ అంత చిక్కబడుతుంది, ఎందుకంటే నికెల్ ఇనుమంత సులువుగా ఆక్సీకరణ చెందదు. ఈ సూత్రాన్ని మైక్రోప్రోబ్ రాకముందే, 1916లో, బ్రిటిష్ ఖనిజ శాస్త్రవేత్త జార్జ్ ప్రయర్ పట్టుకున్నాడు. నా దృష్టిలో ఉల్కల అధ్యయనంలో ఇంతకంటే చక్కటి ఆలోచన లేదు.

ఇంటిపేరు పక్కన ఇంకో అంకె ఉంటుంది. చెల్యాబిన్‌స్క్ ఉల్క పూర్తి పేరు ఎల్‌ఎల్5. తల్లి గ్రహశకలంలో రాయి ఎంత వేడెక్కిందో ఆ 5 చెబుతుంది. 1967లో శాస్త్రవేత్తలు వాన్ ష్మస్, వుడ్ రూపొందించిన కొలమానం ఇది. సాధారణ కాండ్రైట్లకు 3 నుంచి 6 వరకూ వర్తిస్తుంది. 3లో పక్కపక్క గింజల ఫెయలైట్ కూడా ఒకదానికొకటి పొంతన కుదరదు. 1857లో తమిళనాడులో పడ్డ పర్నల్లీ ఉల్క ఎల్‌ఎల్3.6. 5, 6 దశలకొచ్చేసరికి వేడికి గింజలన్నీ ఒకే కూర్పుకు చేరతాయి. మన నెల్లూరు ప్రాంతంలో 1852లో పడ్డ యాటూరు ఉల్క హెచ్5.

అంకె ఎప్పుడూ ఇంత తేటగా రాదు. 26, 27 సరిహద్దులో ఎల్, ఎల్‌ఎల్ కలిసిపోతాయి. అప్పుడు పైరాక్సీన్ అనే మరో ఖనిజం కూర్పు, లోహంలో కోబాల్ట్, చివరికి ఆక్సిజన్ ఐసోటోపులు చూడక తప్పదు.

ఈ లెక్కలు ప్రయోగశాల దాటి నిజమని తేలింది 2011లో. జపాన్ వ్యోమనౌక హయబుసా అంతకు ముందు ఏడాది, 2010లో, ఇటొకావా అనే గ్రహశకలం నుంచి దుమ్ము తెచ్చింది. ఆ రేణువుల ఆలివిన్‌లో సగటు ఫెయలైట్ 29 దగ్గర, అంటే అచ్చంగా ఎల్‌ఎల్. రాళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్న పాత వాదం దాంతో తీరిపోయింది.

కాబట్టి వాట్సాప్‌లో ఫొటో చూసి ‘ఇది ఉల్కే’ అని తేల్చేవాళ్లను నమ్మకండి. పాత ఇనుప కొలుములున్న తెలంగాణ పల్లెల్లో దొరికే చిట్టెం, అంటే ఇనుము తీయగా మిగిలిన మడ్డి, కూడా నల్లగా, బరువుగానే ఉంటుంది. చిట్టెంలో బుడగల రంధ్రాలు కనిపిస్తాయి, కాండ్రైట్‌లో ఉండవు. నిజంగా అనుమానం కలిగించే రాయి దొరికితే కడగకండి. బలమైన అయస్కాంతం ఆనించకండి, రాయిలో దాగిన పురాతన అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. దొరికిన చోటు ఫొటో తీసి, శుభ్రమైన కాగితంలో చుట్టి, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు కబురు చేయండి. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది.