వేషానికి హారతి, మనిషికి వెలి

తిరుపతి గంగమ్మ జాతరలో మీసాల మగవాడు చీరకట్టి, పూలు ముడిచి మొక్కు చెల్లించడం మన సీమవారికి వింత కాదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పంలో తిరుపతి గంగమ్మకు భక్తితో జాతరలు జరిపే నేల ఇది. అయినా జాతర ముగిసిన మరునాడు ఏ యువకుని నడకలోనో, పలుకులోనో ఆడతనం పొడసూపితే ఈలలు, వెక్కిరింతలు బయలుదేరుతాయి. వేషం వేరు, వాంఛ వేరు. లోకం రెంటినీ ఒకే తిట్టుతో కొడుతుంది. వేషానికి హారతి పట్టిన చేతులు మనిషిని వెలివేయడమేమి?

కామాన్ని పురుషార్థమన్న సంప్రదాయం మనది. ప్రబంధకవుల అంగాంగ వర్ణనలను రసజ్ఞత అన్నాము. తంజావూరి ముద్దుపళని రాధికాసాంత్వనంలో స్త్రీ వాంఛను స్త్రీయే పలుకగా, కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్త సైతం ఆక్షేపించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని ప్రకటింపగా, మరుసటి యేడే ప్రభుత్వపు నిషేధం వచ్చిపడింది. శృంగారం కంటె, దానిని పలికినదెవరన్నదే పెద్దలకు ముల్లయింది. నేటి యువజనుల విషయంలోనూ జరుగుతున్నది ఇదే. పేరులోనే మదనుడు వినిపించే మదనపల్లెలో సైతం వలపు ముచ్చట ఆడామగల జంటకైతే గుసగుస. ఇద్దరు యువకులదో, ఇద్దరు యువతులదో అయితే అపవాదు.

స్వలింగానురాగాన్ని నేరంగా ఎంచిన 377వ సెక్షను 1860లో ఆంగ్లేయులు చేసిన శిక్షాస్మృతిలోనిది. యుక్తవయస్కులు పరస్పర సమ్మతితో నెరపే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీనిని రోగాల పట్టికనుంచి తొలగించింది. నేరమూ కాదు, రోగమూ కాదు. మిగిలినది మన వైముఖ్యమే.

దోషమంతా తెల్లదొరలపై మోపి చేతులు దులుపుకొనడం సులభం. కాని “పెండ్లి చేస్తే కుదురుకుంటాడు” అన్న మాటను మనకు ఏ దొరా నేర్పలేదు. ఆ మాట రెండు బ్రతుకులను కాలుస్తుంది: పెదవి విప్పలేని వరునిది ఒకటి, ఏమీ ఎరుగక పీటలపై కూర్చున్న వధువుది మరొకటి. మగపిల్లవాడు కుప్పంలో రైలెక్కి బెంగుళూరు చేరి ఊపిరి పీల్చుకోగలడేమో. ఇల్లు దాటరాని ఆడపిల్లకు ఆ రైలు కూడ లేదు.

అన్ని వాంఛలూ సమానమే అనడం లేదు. బలాత్కారం, వంచన, పసివారి జోలికి పోవడం ఎన్నటికీ క్షమార్హాలు కావు. సమ్మతియే గీత. ఆ గీతకు ఇవతల నిలిచిన యువజనులను, అవతల నిలిచిన దుర్మార్గులను ఒకే గాట కట్టడం వివేకం కాదు. బిడ్డ నోరు విప్పిన రోజున పురోహితునికీ, భూతవైద్యునికీ కబురు పంపకముందు తల్లిదండ్రులు ఆ బిడ్డ చెప్పేది చివరివరకు వినగలిగితే చాలు. అమ్మవారు ఏటికొకమారు నేర్పుతున్న పాఠం అంతకంటె కష్టమైనది కాదు.