కూలింది ఒకచోట, చూపింది మరొకచోట

సైనిక విమానాల వార్తల్లో పదేపదే దొర్లుతున్న పొరపాట్లు

జంషెడ్‌పూర్: 2019 ఫిబ్రవరి 27న కాశ్మీర్ గగనతలంలో భారత, పాకిస్తాన్ వైమానిక దళాలు తలపడినప్పుడు, పాకిస్తాన్ కూల్చివేసిన భారత యుద్ధ విమానాల శకలాలంటూ కొన్ని దృశ్యాలు గంటల వ్యవధిలో ప్రచారంలోకి వచ్చాయి. ఆ రోజున భారత్ ఒక మిగ్-21 బైసన్ విమానాన్ని కోల్పోయిన మాట వాస్తవం. కాని ఆ దృశ్యాల్లో కొన్నింటికి కాశ్మీర్‌తో ఏ సంబంధమూ లేదు. వాటిలో ఒకటి ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో, జార్ఖండ్ సరిహద్దుకు చేరువలో 2015 జూన్ 3న కూలిపోయిన హాక్ శిక్షణ విమానానిది. ఆనాడు ఆ విమానంలోని ఇద్దరు పైలట్లూ ప్రాణాలతో బయటపడ్డారు. నాలుగేళ్ల తర్వాత అదే శిథిలం మరో దేశపు విజయానికి సాక్ష్యంగా చలామణి అయింది.

జంషెడ్‌పూర్ కేంద్రంగా గల తూర్పు సింగ్‌భూమ్ జిల్లా వాసులకు సైనిక విమానాలు కొత్త కావు. జిల్లాలోని చాకులియా విమానాశ్రయం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బి-29 బాంబర్లకు స్థావరం. 1944 జూన్ 5న ఈ విమానాలు బ్యాంకాక్‌పై జరిపిన తొలి దాడికి ఖరగ్‌పూర్ పరిసరాల్లోని ఇటువంటి స్థావరాల నుంచే బయలుదేరాయి. సరిహద్దుకు ఆవల పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండ నేటికీ వైమానిక దళానికి ముఖ్యమైన శిక్షణ కేంద్రం. అక్కడి నుంచి ఎగిరే హాక్ విమానాలు ఈ మూడు రాష్ట్రాల కూడలిలోని అడవులు, పొలాలు, సువర్ణరేఖ నదీ తీరం మీదుగా నిత్యం సంచరిస్తుంటాయి. అందువల్ల సైనిక విమానాల వార్తల్లో తప్పులు ఎలా పుడతాయో పరిశీలించడానికి ఇది అనువైన ప్రాంతం.

ఏ రాష్ట్రంలో కూలింది?

2018 మార్చి 20న కలైకుండ నుంచి బయలుదేరిన మరో హాక్ విమానం సువర్ణరేఖ నదీగర్భంలో, మహుల్‌డాంగ్రి గ్రామ సమీపాన కూలిపోయింది. పైలట్ గాయాలతో బయటపడ్డారు. అది జార్ఖండ్, ఒడిశా సరిహద్దు ప్రదేశం కావడంతో కొన్ని వార్తల్లో ప్రమాద స్థలం ఒడిశాలోని మయూర్‌భంజ్‌గాను, మరికొన్నింటిలో జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్‌గాను నమోదయింది. పాఠకునికి ఇది చిన్న తేడాగా తోచవచ్చు. కాని రెండు రాష్ట్రాల పేర్లతో రెండు వార్తలు ఒకే రోజున వెలువడితే, కూలినవి రెండు విమానాలని భావించే ప్రమాదం ఉంది.

ఇటువంటి గందరగోళం 2023 జనవరి 28న నిజంగానే సంభవించింది. గ్వాలియర్ నుంచి బయలుదేరిన సుఖోయ్-30, మిరాజ్-2000 విమానాలు శిక్షణలో ఉండగా మధ్యప్రదేశ్‌లోని మొరేనా వద్ద ప్రమాదానికి గురయ్యాయి. శకలాలు కొన్ని పొరుగున ఉన్న రాజస్థాన్‌లోని భరత్‌పూర్ జిల్లాలో పడ్డాయి. భరత్‌పూర్‌లో కూలింది ఒక చార్టర్డ్ విమానమని తొలుత జిల్లా అధికారులే చెప్పారు. వార్తా సంస్థలు దానిని యథాతథంగా అందించాయి. ఫలితంగా కొంతసేపు దేశం దృష్టిలో ఆ ఉదయం కూలినవి మూడు విమానాలు, వాటిలో ఒకటి పౌర విమానం. వాస్తవానికి కూలినవి రెండే, రెండూ వైమానిక దళానివే. మిరాజ్ పైలట్ ఆ ప్రమాదంలో అసువులు బాశారు.

ఇక్కడ విలేకరిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అధికార ముద్ర ఉన్న మాటనే ఆయన రాశాడు. అయితే జిల్లా కలెక్టరుకో, పోలీసు అధికారికో మండుతున్న లోహపు ముక్కలను చూసి విమానం రకాన్ని గుర్తుపట్టే నైపుణ్యం ఉండదన్న సంగతి అప్పుడు ఎవరికీ స్ఫురించలేదు. ఒక విషయాన్ని చెప్పే అధికారం ఉండటం వేరు, ఆ విషయం తెలిసి ఉండటం వేరు.

తర్జుమాలో తారుమారు

తెలుగు పత్రికా కార్యాలయాల్లో ఈ సమస్యకు మరో పార్శ్వం ఉంది. వార్తా సంస్థల నుంచి ఆంగ్లంలో వచ్చే సమాచారాన్ని నిమిషాల్లో తెలుగు చేయవలసిన ఉపసంపాదకుడు 'జెట్' అన్న మాట కనబడగానే 'యుద్ధ విమానం' అని రాస్తాడు. హాక్ జెట్ విమానమే. కాని దాని ప్రధాన కర్తవ్యం శిక్షణ. బ్రిటన్ సంస్థ రూపొందించిన ఈ రెండు సీట్ల విమానాల కోసం 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం 66 సమకూరగా, వాటిలో 24 నేరుగా బ్రిటన్ నుంచి వచ్చాయి, మిగిలిన 42 బెంగుళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌లో తయారయ్యాయి. అధిక వేగపు యుద్ధ విమానాలను అప్పగించే ముందు యువ పైలట్లకు వీటిపై తర్ఫీదు ఇస్తారు.

'శిక్షణ విమానం' అన్న మాటతోనూ చిక్కు లేకపోలేదు. 2024 ఆగస్టు 20న జంషెడ్‌పూర్‌లోని సోనారి విమానాశ్రయం నుంచి ఎగిరిన సెస్నా-152 విమానం చాండిల్ జలాశయంలో మునిగి ఇద్దరు మరణించారు. అదీ శిక్షణ విమానమే. కాని అది ప్రైవేటు పైలట్ శిక్షణ సంస్థకు చెందిన చిన్న పౌర విమానం. దానిని వెలికితీయడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళ బృందం వచ్చింది. శిక్షణ విమానం, నౌకాదళం అన్న రెండు మాటలు ఒకే శీర్షికలో చేరితే, కూలింది నౌకాదళ విమానమేనని పాఠకుడు అపోహపడటంలో ఆశ్చర్యం లేదు. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ వద్ద కూలి ఇద్దరు పైలట్లను బలిగొన్న పిలాటస్ సైతం శిక్షణ విమానమే. అయితే అది దుండిగల్ వైమానిక దళ అకాడమీకి చెందినది. ఒకే మాట కింద మూడు భిన్నమైన యంత్రాలు, రెండు భిన్నమైన వ్యవస్థలు ఉన్నాయి.

ఈ భేదం పాటించడం పాండిత్య ప్రదర్శన కాదు. పౌర విమాన ప్రమాదంపై పౌర విమానయాన శాఖ పరిధిలోని ప్రమాద దర్యాప్తు సంస్థ విచారణ జరిపి నివేదికను ప్రచురిస్తుంది. సైనిక విమాన ప్రమాదంపై వైమానిక దళమే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీని నియమిస్తుంది. ఆ నివేదికలు సాధారణంగా బహిర్గతం కావు. ఏది ఏ తరగతికి చెందినదో చెప్పకపోతే, జవాబు ఎవరిని అడగాలో ప్రజలకు తెలియదు.

ఇటువంటిదే మరొక అలవాటు, పైలట్ 'పారాచూట్‌తో దూకాడు' అని రాయడం. ఆధునిక విమానంలో పైలట్ దూకడు. ఆసనం అడుగున అమర్చిన పేలుడు మందు, రాకెట్ శక్తి అతనిని ఆసనంతో సహా బయటికి విసిరివేస్తాయి. ఆ కుదుపునకు వెన్నెముక దెబ్బతినడం కద్దు. 'సురక్షితంగా దూకాడు' అన్న వాక్యంలో ఆ బాధ కనబడదు.

కారణం ముందు, విచారణ తర్వాత

విమానం కూలిన గంటలోనే 'సాంకేతిక లోపమే కారణం' అని ప్రకటించడం మరో దోషం. 2019 ఫిబ్రవరి 27నే కాశ్మీర్‌లోని బడ్గామ్ వద్ద యుద్ధ విమానం కూలిందని తొలి వార్తలు వెలువడ్డాయి. కూలింది ఎంఐ-17 హెలికాప్టరని తర్వాత తేలింది. ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, ఒక పౌరుడు మరణించారు. అసలు కారణం ఏడు నెలల అనంతరం వెల్లడయింది. మన క్షిపణి తగలడం వల్లనే ఆ హెలికాప్టర్ కూలిందని, అది తమ పెద్ద పొరపాటని అప్పటి వైమానిక దళాధిపతి భదౌరియా 2019 అక్టోబరులో బహిరంగంగా అంగీకరించారు. తొలి రోజున ఊహాగానాలతో కాలమ్‌లు నింపినవారిలో ఎందరు ఆ ఒప్పుకోలుకు అంతటి స్థలం కేటాయించారన్నది ఆలోచించదగిన ప్రశ్న.

అదే రోజున పాకిస్తాన్ సైనిక ప్రతినిధి ఇద్దరు భారత పైలట్లు తమకు చిక్కారని ప్రకటించి, సాయంత్రానికి ఒక్కరేనని సవరించుకున్నారు. మరోవైపు, కూలిన పాకిస్తాన్ ఎఫ్-16 పైలట్‌ను అక్కడి గ్రామస్థులే కొట్టి చంపారన్న కథనం సామాజిక మాధ్యమాల నుంచి మన దేశంలోని పలు వార్తా సంస్థలకు పాకింది. పేరుతో సహా వెలువడిన ఆ కథనానికి ఆధారం లభించలేదు. సరిహద్దుకు ఉభయ వైపులా తొందరపాటు ఒకటే.

ఆట బొమ్మలు, అసలు యుద్ధాలు

2021 సెప్టెంబరులో ఆఫ్ఘనిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయపై పాకిస్తాన్ విమానాలు దాడి చేస్తున్నాయంటూ మన టెలివిజన్ ఛానళ్లు కొన్ని ప్రసారం చేసిన దృశ్యాల్లో ఒకటి వీడియో గేమ్ లోనిది కాగా, మరొకటి బ్రిటన్‌లోని వేల్స్ కొండల మధ్య ఎగురుతున్న అమెరికా ఎఫ్-15 విమానానిది. 2022లో 'కీవ్ భూతం' పేరిట ఒక ఉక్రెయిన్ పైలట్ సాహసాలు లోకమంతటా మారుమోగాయి. వాటికి జోడించిన దృశ్యాలు కంప్యూటర్ ఆటలోనివి. అటువంటి పైలట్ ఒక్కడెవరూ లేడని, అది ఒక గాథ మాత్రమేనని ఉక్రెయిన్ వైమానిక దళమే చివరకు తెలిపింది.

2025 మేలో భారత, పాకిస్తాన్‌ల మధ్య ఘర్షణ చెలరేగినప్పుడు ఈ వ్యాధి పరాకాష్ఠకు చేరింది. బహావల్‌పూర్ వద్ద కూల్చిన రాఫెల్ అంటూ ప్రచారమైన చిత్రం 2021 మేలో పంజాబ్‌లోని మోగా వద్ద కూలిన మిగ్-21దని కేంద్ర ప్రభుత్వ నిజనిర్ధారణ విభాగం తెలియజేసింది. ఆ మిగ్ ప్రమాదంలో పైలట్ మరణించారు. భారత విమానాలను కూల్చినందుకు ఆధారమేదని విదేశీ టెలివిజన్ ప్రశ్నించినప్పుడు పాకిస్తాన్ రక్షణ మంత్రి సామాజిక మాధ్యమాలను చూడమన్నారు. మే 8 రాత్రి మన ఛానళ్లలో కొన్ని కరాచీ ఓడరేవును భారత నౌకాదళం ధ్వంసం చేసిందని ప్రకటించాయి. అది జరగనే లేదు.

ఈ పొరపాట్ల ప్రభావం స్టాక్ మార్కెట్ వరకూ వ్యాపించింది. పాకిస్తాన్ వాదన వెలువడగానే జె-10 విమానాలను తయారుచేసే చైనా సంస్థ చెంగ్డు షేరు ధర ఎగబాకగా, రాఫెల్ తయారీదారు దసో షేరు ధర క్షీణించింది. ఏది ఎంతవరకు నిజమో తేలకముందే మదుపరులు తీర్పు చెప్పేశారు. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వంటి సంస్థల షేర్లు 2018 నుంచి మన సామాన్య మదుపరుల చేతుల్లోనూ ఉన్నందున, విమానం పేరు తప్పుగా రాయడం ఇకపై కేవలం అచ్చుతప్పు కాజాలదు.

మౌనమూ ఒక కారణమే

వదంతులకు ప్రభుత్వ మౌనం కూడా ఎరువుగా మారుతుంది. మే ఘర్షణలో భారత్ విమానాలను కోల్పోయిన విషయాన్ని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో అంగీకరించారు. సంఖ్య చెప్పలేదు. ఘర్షణ ముగిసి అప్పటికి మూడు వారాలు. ఆ వ్యవధిలో ఎవరికి తోచిన సంఖ్య వారు ప్రచారం చేశారు. సైనిక రహస్యాలను కాపాడవలసిందే. పైలట్ శత్రు భూభాగంలో ఉన్నప్పుడు అతని పేరు, ఊరు వెల్లడించడం అతనికే చేటు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2025 ఏప్రిల్ 26న జారీచేసిన సలహాపత్రంలో సైనిక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని మానుకోవాలని కోరడంలోని ఔచిత్యం కాదనలేనిది. కాని చెప్పగలిగినది సకాలంలో చెప్పకపోతే, చెప్పరానిది కల్పించి చెప్పేవారికి అవకాశం దక్కుతుంది.

తప్పుడు వార్త తొలుత చేరేది సైనికుని ఇంటికే. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరి బంగాళాఖాతంలో అదృశ్యమైన ఏఎన్-32 విమానంలోని 29 మందిలో విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు ఎనిమిది మంది. శకలాలు సముద్ర గర్భంలో సుమారు 3,400 మీటర్ల లోతున కనుగొన్నట్లు ప్రభుత్వం ప్రకటించింది 2024 జనవరిలో. ఏడున్నర సంవత్సరాలు ఎదురుచూసిన ఇళ్లలో ప్రతి 'ఆచూకీ దొరికింది' అన్న వదంతి ఏ పాటి అలజడి రేపుతుందో చెప్పనక్కరలేదు.

దీనికి పరిష్కారం కష్టసాధ్యమేమీ కాదు. వైమానిక దళం ధ్రువీకరించేవరకు రకం పేరు రాయక 'సైనిక విమానం' అంటే చాలు. చెప్పినది ఎవరో, ఆ వ్యక్తికి తెలిసే అవకాశం ఎంతో పాఠకునికి తెలపాలి. చిత్రం కింద అది తీసిన తేదీ, స్థలం ఉండాలి. అవి తెలియనప్పుడు ఆ చిత్రాన్ని వాడకపోవడమే ఉత్తమం. కారణాన్ని విచారణకు వదలాలి. తప్పు దొర్లితే, సవరణను తప్పు అచ్చయిన చోటనే, అదే పరిమాణంలో ప్రచురించాలి.

కలైకుండ హాక్‌లు ఇకపైనా సువర్ణరేఖ మీదుగా ఎగురుతాయి. 2024 ఫిబ్రవరి 13న కలైకుండ సమీపంలో మరొకటి కూలింది, ఇద్దరు పైలట్లూ బయటపడ్డారు. ఆ శకలాల చిత్రాలు కూడా ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటాయి. రేపు అవి మరో యుద్ధానికి సాక్ష్యంగా తిరిగి ప్రత్యక్షమైనప్పుడు, ఇది ఎప్పటిది, ఎక్కడిది అని అచ్చు వేసేముందే అడిగేవారు వార్తా కార్యాలయంలో ఒక్కరైనా ఉండాలి.