మా తాతగారి ఇంటి గోడలు ఎందుకు రాలుతున్నాయి? | తోటపల్లి గూడూరు

ఇది తోటపల్లి గూడూరులో మా తాతగారు కట్టించిన ఇల్లు. ముందు అరుగులు, వెనక దొడ్డి, బావి. చుట్టుపక్కల వరి పొలాలు, తూర్పుకు పోతే రొయ్యల గుంటలు, ఆ తర్వాత కోడూరు బీచ్.

ఈ గోడ చూడండి. నడుం ఎత్తు దాకా పెచ్చులు ఊడి, తెల్లటి పొడి రాలుతోంది. అది సున్నం కాదు, ఉప్పు. నేలలోని తేమ ఇటుకల్లోకి పాకేటప్పుడు ఉప్పును కూడా తెస్తుంది. తేమ ఆరిపోతుంది, ఉప్పు గోడలోనే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది.

మేం చేసిన తప్పేందంటే, దీని మీద సిమెంటు పూయించాం. తేమకు బయటికి దారి లేక ఇంకా పైకెక్కింది. అప్పట్లో మోకాలి ఎత్తే ఉండేది.

మా అన్న కూలగొట్టి స్లాబు ఇల్లు కడదామంటున్నాడు. కట్టొచ్చు. కానీ నేల ఇదే కదా! పునాది మీద తేమను ఆపే పొర వేయకపోతే కొత్త గోడకూ ఇదే గతి. ఉప్పు గాలికి స్లాబులో ఇనుము కూడా తుప్పు పడుతుంది.

అందుకే ముందు సిమెంటు గీకించి, సున్నం పూత వేయిస్తున్నాం. సున్నం తేమను బయటికి వదులుతుంది. ఇటుక బదులు పూత రాలుతుంది, కొన్నేళ్ళకు మళ్ళీ పూసుకోవచ్చు. గోడ వారన నీళ్ళు నిలవకుండా వాటం కూడా ఇస్తున్నాం. అక్టోబరు వానలు పట్టేలోపు పని అయిపోవాలి.

మీ ఇంటి గోడ ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. ఉంటానండీ.