పసుపు మరకకు సబ్బు రాస్తే ఎందుకు ఎర్రబడుతుంది?

తెల్లచొక్కా మీద పడిన కూర మరక పసుప్పచ్చగా ఉంటుంది. సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది. సబ్బులో ఎరుపు లేదు, పసుపులోనూ లేదు. మరి ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? పిల్లలు అడిగే ఈ ప్రశ్నలో ఆమ్లాలు, క్షారాల పాఠానికి కావలసినదంతా ఉంది.

మామూలు నీళ్లతో తడిపితే మరక రంగు మారదు. సబ్బు తగిలితేనే మారుతుంది. కాబట్టి కారణాన్ని సబ్బులో వెతకాలి. నూనెకు కాస్టిక్ సోడా కలిపి సబ్బు చేస్తారు. సబ్బు నీళ్లలో కరిగితే హైడ్రాక్సైడ్ అయాన్లు పెరుగుతాయి. అందుకే సబ్బునీళ్లు క్షారం.

ఇక పసుపు సంగతి. దానికి రంగునిచ్చే పదార్థం కర్‌క్యుమిన్. దాని అణువులో ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని కొన్ని హైడ్రోజన్లు ఉంటాయి. హైడ్రాక్సైడ్ అయాన్ అలాంటి ఒక హైడ్రోజన్ అయాన్‌ను లాక్కుని నీరైపోతుంది. దాంతో కర్‌క్యుమిన్‌లో ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది. అంతకుముందు అది వెలుతురులోని నీలాన్ని పీల్చుకునేది, అందుకే మనకు పసుపుగా కనబడేది. ఇప్పుడు ఆకుపచ్చను కూడా పీల్చుకుంటుంది. ఇక కంటికి చేరేది ఎక్కువగా ఎరుపే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా తయారయ్యేదీ ఇందువల్లనే.

మరి పోయిన హైడ్రోజన్ తిరిగి దొరికితే? ఎర్రబడిన మరక మీద నిమ్మచెక్క పిండి చూడండి, మళ్లీ పసుప్పచ్చగా మారుతుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది. ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పిన సిద్ధాంతం ఇదే.

ఇక్కడ పిల్లలకు మరో సందేహం రావాలి. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద నిమ్మరసం వేస్తే రంగెందుకు మారదు? దానిలో హైడ్రోజన్లు ఉండనే ఉన్నాయి, కొత్తగా చేరవలసింది లేదు. కాబట్టి నీళ్లకూ నిమ్మరసానికీ తేడాను ఆ కాగితం చెప్పలేదు. సున్నపుతేటలో ముంచి ఎర్రబరిచిన కాగితమైతే చెబుతుంది. మందారపూల రసం ఆమ్లం, క్షారం రెండింటినీ పట్టిస్తుంది: నిమ్మరసంలో గులాబీరంగుకు, సబ్బునీళ్లలో ఆకుపచ్చకు తిరుగుతుంది.

నిర్వచనాన్ని బోర్డు మీద రాసేముందే ఈ కాగితాలను పిల్లల చేతికివ్వాలి. రంగు ఎందుకు మారిందో చాలామంది చెబుతారు. ఎందుకు మారలేదో కూడా చెప్పగలిగితే పాఠం వంటబట్టినట్టే.