చేప తెలివి, ఈగ తెలివి – రైతు తెలిసికొనవలసిన సంగతులు

చెరువు గట్టున మీరు అడుగు పెట్టగనే ఒడ్డున తిరుగు చేపలు చటుక్కున లోతునకు పోవుట చూచియుందురు. మామిడికాయపై వ్రాలిన ఈగను పట్టబోగా, చేయి చేరకముందే అది తప్పించుకొనుటయు చూచియుందురు. ఈ రెండు ప్రాణులకు ఇంత చురుకుదనము ఎట్లు వచ్చినది? ఇది కాలక్షేపమునకు అడుగు ప్రశ్న కాదు. చెరువు కౌలునకు తీసికొన్నవారికిని, మామిడితోట గలవారికిని ఇది చేతి సొమ్ముతో ముడిపడిన ప్రశ్న. ఏ ప్రాణి ఏ ఇంద్రియమును నమ్ముకొని బ్రతుకుచున్నదో తెలిసికొన్నచో, దానిని కాపాడుటకు గాని, అదుపులో పెట్టుటకు గాని అక్కడనే మార్గము దొరకును.

చేపకు ప్రక్కగీత

ఒక శీలావతిని చేతికి తీసికొని చూడండి. తల వెనుకనుండి తోక వరకు ప్రక్కన సన్నని గీత కనిపించును. అది రంగుచార కాదు. వరుసగా ఉన్న సూక్ష్మ రంధ్రములు. వాటి లోపలి సన్నని గొట్టములో నూగు గల కణములు ఉన్నవి. నీరు కదలినప్పుడు ఆ నూగు వంగును. ఆ కబురు నరముల ద్వారా మెదడునకు చేరును. కనుకనే బురదనీటిలోను, చీకటిలోను చేప తన దగ్గరకు వచ్చు మరొక చేపను, వలను కనిపెట్టగలదు.

చప్పుడు వినుట లోపలి చెవి పని. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు జాతులలో గాలితిత్తికిని, చెవికిని నడుమ చిన్న ఎముకల గొలుసు కలదు. గాలితిత్తి అదరినచో ఆ అదురు చెవికి అందును. అందుచేత ఈ జాతులకు వినికిడి మెండు.

వాసన సంగతియు గమనింపదగినది. గాయపడిన చేప చర్మమునుండి వెలువడు పదార్థము నీటిలో కలియగనే తోటి చేపలు బెదరి చెదరిపోవునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు 1938లో తెలియజేసెను. ఈ గుణము మన చెరువులలో పెంచు చేపల కుటుంబమునకు చెందినదే.

కావున మేతను ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట వేయండి. కొల్లేరు ప్రాంతపు రైతులు చిల్లుల సంచులలో మేత నింపి గెడలకు కట్టుదురు. చేపలు ఆ చోటునకు అలవాటుపడి తామే వచ్చి చేరును. ఎదుగుదల చూచుటకు వల లాగినప్పుడు మెత్తని వలను వాడండి. చేపను తడిచేతులతో పట్టండి. పొలుసు రాలి గాయపడిన దానిని తిరిగి చెరువులో వదలకండి.

ఈగకు తూకపు కాడలు

చేపను బెదరింపకుండుట మనకు లాభము. పండు ఈగ విషయమున దానిని మోసగించుటయే లాభము.

తక్కిన కీటకములలో చాలవాటికి నాలుగు రెక్కలు, ఈగకు రెండే. వెనుక రెక్కలకు మారుగా గుండుసూది వంటి రెండు చిన్న కాడలున్నవి. ఎగురునప్పుడు ఇవి రెక్కలతో సమముగా ఆడుచు, శరీరము ఏ కొంచెము ఒరిగినను వెంటనే పసిగట్టును. ఇవి పనిచేయు తీరును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రింగిల్ 1948లో వివరించెను. ఈ కాడలను తీసివేసినచో ఈగ తిన్నగా ఎగురలేదు. ఇట్టి ప్రాణిని మందు జల్లుచు వెంబడించుట వృథా ప్రయాస. దానికి గల వాసన బలహీనతనే పట్టుకొనవలెను.

ఆ బలహీనత మన దేశముననే బయటపడినది. బీహారులోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రజ్ఞుడు హౌలెట్, మిథైల్ యూజినాల్ అను పదార్థమునకు మగ పండు ఈగలు గుమిగూడునని 1915లో ప్రకటించెను. తులసిలోను ఈ పదార్థము ఉండును. పసిఫిక్ సముద్రమున 33 చదరపు మైళ్ల రోటా ద్వీపములో, దీనిని పురుగుమందుతో కలిపి వాడి 1960 దశకపు తొలి సంవత్సరములలో పండు ఈగను నిర్మూలించిరి. మగవి లేనిచో ఆడవి పెట్టు గుడ్లు పొదుగవు గదా!

ఊరంతయు కలిసిన గాని ఫలము లేదు

కోతకు నెలన్నర, రెండు నెలల ముందే ఎకరమునకు నాలుగు మొదలు ఆరు ఎరబుట్టలను చెట్టునీడన కట్టండి. ఎర బలము తగ్గినప్పుడు మార్చండి. కాని మీరొక్కరే కట్టిన చాలదు. ప్రక్కతోటలో జతకట్టిన ఆడ ఈగ మీ తోటకు వచ్చి, పక్వమునకు వచ్చు కాయను గ్రుచ్చి లోపల గుడ్లు పెట్టును. దానికి మీ ఎర వాసనతో పనిలేదు. గుడ్లు పగిలి వచ్చు పురుగులు గుజ్జును తిని, నేలలో దిగి మరల ఈగలై వచ్చును. కావున రాలిన కాయలను ఏ రోజునకు ఆ రోజు ఏరి, రెండడుగుల లోతున పూడ్చండి. చెట్ల క్రింద నేలను త్రవ్వి తిరగవేయండి.

పండు ఈగ పురుగులు కనిపించుటచే 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన మామిడి దిగుమతిని ఆపివేసినది. ఆ నిషేధము 2015లో గాని తొలగలేదు. కొన్ని తోటల అశ్రద్ధకు దేశములోని ఎగుమతి రైతులందరు నష్టపడిరి. గ్రామాధికారులు ఈ సంగతిని మనసున ఉంచుకొని, తోటల యజమానులను సమావేశపరచి, ఒకే వారములో ఊరంతట ఎరబుట్టలు కట్టించుటకు పూనుకొనవలెను. ఎర దొరకు చోటును, వాడు విధమును మీ వ్యవసాయాధికారిని గాని, ఉద్యాన అధికారిని గాని అడిగి తెలిసికొనండి.